మెంటర్‌లో గార్‌ఫీల్డ్ ఇల్లు, లేక్‌వ్యూలో సమాధి: ఒక్క రోజులో రెండూ చూడాలంటే

ఒహాయోలో క్లీవ్‌లాండ్‌కి తూర్పున పాతిక మైళ్ల దూరంలో మెంటర్ అనే ఊరుంది. అమెరికా 20వ అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ ఇల్లు అక్కడే, మెంటర్ అవెన్యూలో 8095 నంబరు. లాన్‌ఫీల్డ్ అని పేరు. నేషనల్ పార్క్ సర్వీస్ నడుపుతోంది. ఆయన సమాధి క్లీవ్‌లాండ్‌లో, లేక్‌వ్యూ శ్మశానవాటికలో ఉంది. రెండింటికీ మధ్య కారులో అరగంట. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రంలోగా రెండూ తీరిగ్గా చూసి రావచ్చు.

మార్కులు ముందే చెప్పేస్తే, ఇంటికి ఐదుకి ఐదు, సమాధికి నాలుగు. సమాధికి ఒకటి తగ్గింది మెట్ల వల్లే. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

గార్‌ఫీల్డ్ 1881 మార్చి 4న ప్రమాణస్వీకారం చేశారు. 120 రోజులకు, జూలై 2న, ఆయన మీద కాల్పులు జరిగాయి. ఇంకో 79 రోజులు మంచం మీద ఉండి సెప్టెంబర్ 19న కన్నుమూశారు. ఆయన భార్య లుక్రీషియా ఆ తరవాత 36 ఏళ్లకు పైగా జీవించారు. ఈ ఇంటిని ఇంత విలువైన చోటుగా నిలబెట్టింది ఆ 36 ఏళ్లే. ఇక్కడ చూడాల్సిన వాటిలో ముఖ్యమైనది, ఆయన కాగితాల కోసం ఆమె కట్టించిన గ్రంథాలయం. ఈ సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే టూర్ మొత్తం వేరుగా కనిపిస్తుంది.

ముందుగా వరస. చాలామంది నగరంలో దగ్గరగా ఉంది కదా అని సమాధికి ముందు వెళ్తారు. అలా చేయొద్దు. సమాధి మీద చెక్కిన బొమ్మల్లో ఆయన జీవితమంతా ఉంటుంది, ఇల్లు చూడకుండా వెళ్తే అవి ఎవరో పాతకాలపు గడ్డం మనుషుల్లా కనిపించి ఊరుకుంటాయి. పొద్దున ఇల్లు, మధ్యాహ్నం సమాధి పెట్టుకోండి. సమాధి భవనం సాయంత్రం నాలుగుకే మూసేస్తారు కాబట్టి మెంటర్‌లో ఒంటిగంట దాటనివ్వొద్దు.

ఇంటి ఆవరణకీ, సందర్శకుల కేంద్రానికీ టికెట్ లేదు. రుసుము ఇంటి లోపలి టూర్‌కే, అదీ 16 ఏళ్లు నిండినవాళ్లకే. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే కౌంటర్‌లో చూపించండి. రేంజర్ (పార్క్ సర్వీస్ ఉద్యోగి) వెంట లేకుండా లోపలికి పంపరు, ఒక్కో బృందంలో కొద్దిమందినే తీసుకెళ్తారు. అందుకని కారు దిగగానే ముందు కౌంటర్‌కి వెళ్లి తరవాతి టూర్ ఎన్నింటికో అడిగి పేరు రాయించుకోండి, ప్రదర్శన ఆ తరవాత చూడొచ్చు. ప్రదర్శన అంతా చూశాక కౌంటర్‌కి వెళ్తే ఆ టూర్ నిండిపోయి గంటకు పైగా ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. చలికాలంలో తెరిచే రోజులు తగ్గుతాయి, బయల్దేరే ముందు పార్క్ సర్వీస్ పేజీలో ఆ వారం వేళలు చూసుకోండి. పిల్లలుంటే జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి.

సందర్శకుల కేంద్రం ఉన్నది 1893లో కట్టిన బగ్గీల కొట్టంలో. ఒక చిన్న సినిమా వేస్తారు, చుట్టూ జీవితచరిత్ర ఫలకాలు ఉంటాయి. తండ్రి పోయేనాటికి గార్‌ఫీల్డ్‌కు రెండేళ్లు కూడా లేవు. పుట్టింది దుంగలతో కట్టిన పాకలో, 1831లో. పదహారేళ్లకు కాలువ పడవలను లాగే గుర్రాలను తోలాడు. చదువుకున్న బడిలోనే ఊడ్చి, గంట కొట్టి, తరవాత అక్కడే పాఠాలు చెప్పి, చివరికి ఆ హైరామ్ విద్యాసంస్థకే ప్రిన్సిపాల్ అయ్యాడు. అంతర్యుద్ధంలో మేజర్ జనరల్. తరవాత పదిహేడేళ్లు ప్రతినిధుల సభలో.

హైస్కూలు పిల్లలు వెంట ఉంటే ఈ సంగతి అక్కడే కాగితం మీద చేసి చూపించండి. కాంగ్రెస్ సభ్యుడిగా ఉండగా 1876లో గార్‌ఫీల్డ్ పైథాగరస్ సిద్ధాంతానికి సొంత నిరూపణ అచ్చువేయించారు. లంబకోణ త్రిభుజాలు రెండు తీసుకోండి, రెంటికీ భుజాలు ఏ, బీ, కర్ణం సీ. ఒకదాని ఏ భుజమూ రెండోదాని బీ భుజమూ ఒకే గీత మీద వరసగా వచ్చేలా పెట్టి, పై కొనలు రెంటినీ కలపండి. ట్రెపీజియం వస్తుంది. సమాంతర భుజాలు ఏ, బీ, ఎత్తు ఏ ప్లస్ బీ. కనక వైశాల్యం ఏ ప్లస్ బీ వర్గంలో సగం. లోపల చూస్తే మూడు త్రిభుజాలు: రెంటికి ఏబీలో సగం చొప్పున, మధ్యలో ఉన్నదానికి సీ వర్గంలో సగం. సమానం అని రాసి రెండు వైపులా ఏబీ కొట్టేస్తే సిద్ధాంతం తేలిపోతుంది. మధ్య త్రిభుజం కూడా లంబకోణమే అని ముందు చూపించాలి, పిల్లలు తరచూ వదిలేసేది అక్కడే.

కేంద్రం దాటి బయటికొస్తే ఇంటి వెనక చిన్న చెక్క గది ఒకటి కనిపిస్తుంది. 1880 ఎన్నికల కార్యాలయం అదే. టెలిగ్రాఫ్ తీగ ఆ గదిలోకే లాగారు, ఎన్నికల ఫలితాలు ఆ తీగ మీదే వచ్చాయి. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గానీ దాటిపోవద్దు. ఆ ఏడు షికాగోలో జరిగిన రిపబ్లికన్ సభకు గార్‌ఫీల్డ్ వెళ్లింది జాన్ షెర్మన్ పేరు ప్రతిపాదించడానికి. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ మనుషులూ, సెనేటర్ బ్లెయిన్ మనుషులూ ఎవరూ తగ్గలేదు. 36వ విడత ఓటింగ్‌లో, అడగకుండానే, అభ్యర్థిత్వం గార్‌ఫీల్డ్‌కే వచ్చింది. నవంబర్‌లో తొంభై లక్షల పైచిలుకు ఓట్లలో పదివేల లోపు తేడాతో డెమోక్రాట్ అభ్యర్థి హాంకాక్ మీద గెలిచారు. ఎలక్టోరల్ ఓట్లు మాత్రం 214, 155.

ప్రచారమంతా ఈ ఇంటి ముందు వరండాలోంచే. అప్పట్లో అభ్యర్థి ఊరూరా తిరిగి ఓట్లు అడగడం మర్యాద అనిపించుకునేది కాదు. జనమే రైళ్లలో ఇక్కడికి వచ్చారు, వేల సంఖ్యలో. జర్మన్లు వస్తే జర్మన్‌లో మాట్లాడారు. ఫిస్క్ జూబిలీ గాయకులు వచ్చి ఈ ఇంట్లో పాడారు, బానిసత్వంలోంచి బయటపడి ఇంకా ఇరవై ఏళ్లు కూడా కాని జాతి పిల్లలు వాళ్లు. టూర్ మొదలయ్యేలోగా ఆ వరండాలో నిలబడి మెంటర్ అవెన్యూ వైపు ఒకసారి చూడండి. ఇవాళ ఆవరణ ఎనిమిది ఎకరాల లోపే. అప్పుడు చుట్టూ ఉన్నది నూటయాభై ఎకరాలకు పైబడిన పొలం.

ఇంటి లోపల టూర్‌కు గంట వేసుకోండి. 1876లో కొన్నప్పుడు ఇది తొమ్మిది గదుల రైతు ఇల్లు. 1880కల్లా ఇరవై గదులు చేశారు. 1930ల దాకా కుటుంబం చేతుల్లోనే ఉండి, తరవాత ఒక చారిత్రక సంఘానికి సామాన్లతో సహా వెళ్లింది. అందుకే లోపలున్న కుర్చీలూ బల్లలూ పుస్తకాలూ చాలావరకు వాళ్లవే. ఎక్కడెక్కడివో తెచ్చి నింపిన చారిత్రక గృహాలు చూసినవాళ్లకు ఇక్కడి తేడా ఇట్టే తెలుస్తుంది. భోజనాల గదిలో నిప్పుగూడు చుట్టూ పలకలున్నాయి, వాటి మీది బొమ్మలు ఇంట్లోవాళ్లు వేసినవి. గబగబా నడిచిపోతే అంగట్లో కొన్న పలకలే అనుకుంటారు, దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో పలకది ఒక్కో చెయ్యి. గార్‌ఫీల్డ్ చదువుకునే కుర్చీ చూపించమని తప్పకుండా అడగండి. ఆయన కుర్చీలో అడ్డంగా కూర్చుని కాళ్లు చేతిపట్టె మీద వేసుకునే మనిషి. దానికి తగ్గట్టు ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా చేసిన కుర్చీ అది. పెద్ద ఫొటోల కంటే ఆ కుర్చీ మనిషిని బాగా చూపిస్తుంది.

టూర్ ఇంటి గురించీ కుటుంబం గురించీ కాబట్టి, వాషింగ్టన్‌లో జరిగినవాటికి దొరికే సమయం తక్కువ. ఆ భాగం మీరు తెలుసుకుని వెళ్లాలి. ముఖ్యమైనంత మేరకు ఇక్కడ చెబుతాం.

ప్రమాణస్వీకారం నాటి ఉపన్యాసాన్ని గార్‌ఫీల్డ్ ఆ రోజు తెల్లవారుజామున రెండున్నర దాకా రాస్తూనే ఉన్నారు. ఊరంతా మంచు. కాంగ్రెస్ భవనం కాపిటల్ తూర్పు ద్వారం దగ్గర ప్రధాన న్యాయమూర్తి మారిసన్ వెయిట్ ప్రమాణం చేయించారు. తల్లి ఎలైజా ఎదురుగా కూర్చుని చూశారు, కొడుకు అధ్యక్ష ప్రమాణాన్ని కళ్లారా చూసిన మొదటి తల్లి ఆమే. ఉపన్యాసంలో ఎక్కువ భాగం నల్లజాతివారి ఓటు హక్కు గురించీ, చదువు గురించీ. ఓటు హక్కు కాజేస్తే దేశమే ప్రమాదంలో పడుతుందనీ, నిరక్షరాస్యతను పోగొట్టే బాధ్యత దేశం మొత్తానిదనీ వాదించారు. చివర్లో ప్రభుత్వ కొలువుల్లో సంస్కరణ మాట కూడా ఉంది. ఆ రాత్రి విందు, నాట్యం స్మిత్‌సోనియన్‌వారి కొత్త మ్యూజియం భవనంలో జరిగాయి. ఇప్పుడు దాన్ని ఆర్ట్స్ అండ్ ఇండస్ట్రీస్ భవనం అంటున్నారు.

కొలువుల మాట ఎందుకంటే, అప్పుడు ఉద్యోగాలన్నీ సిఫార్సుల మీదే. పార్టీకి పనిచేసినవాడికి పోస్టాఫీసో, కస్టమ్స్ కొలువో, విదేశంలో కాన్సుల్ పదవో. అధ్యక్షుడి గుమ్మం ముందు రోజూ అర్జీదారుల బారు. న్యూయార్క్ సెనేటర్ రాస్కో కాంక్లింగ్ ఈ పంపకం తన హక్కు అనేవాడు. గార్‌ఫీల్డ్ ఆయన్ను కాదని న్యూయార్క్ కస్టమ్స్ కలెక్టర్‌గా వేరే మనిషిని నియమించి, మే నెలలో గెలిచి, కాంక్లింగ్ రాజీనామా చేసేదాకా తెచ్చారు. ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ కాంక్లింగ్ మనిషే.

ఆ బారులో చార్లెస్ గిటో ఒకడు. ఎన్నికలప్పుడు తాను రాసిన ఒక ఉపన్యాసం వల్లే గార్‌ఫీల్డ్ గెలిచాడని నమ్మాడు, ప్యారిస్‌లో కాన్సుల్ పదవి కావాలన్నాడు. ఆ ఊసు ఇంకెప్పుడూ ఎత్తొద్దని విదేశాంగ మంత్రి బ్లెయిన్ కసిరి పంపాక, గార్‌ఫీల్డ్‌ను తప్పిస్తే ఆర్థర్ వస్తాడు, పార్టీ బాగుపడుతుంది అని లెక్క వేసుకున్నాడు. బ్రిటిష్ బుల్‌డాగ్ రివాల్వర్ కొన్నాడు. జూన్‌లో ఒకసారి స్టేషన్ దాకా వెంటాడి, జబ్బుపడి లేచిన లుక్రీషియా భర్త చేయి పట్టుకుని ఉండటం చూసి ఆగిపోయాడు.

జూలై 2 శనివారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో, వాషింగ్టన్‌లోని బాల్టిమోర్ అండ్ పొటోమాక్ స్టేషన్‌లో వెనక నుంచి రెండుసార్లు కాల్చాడు. ఒకటి చేతిని గీరి పోయింది. రెండోది వీపులో కుడివైపు దిగి, మొదటి కటి వెన్నుపూసను చీల్చి, ఎడమవైపు క్లోమం దగ్గర ఆగింది. వెన్నుపాముకు తగల్లేదు. అధ్యక్షుడి వెంట కాపలా అనేదే లేదు. పక్కన నడుస్తున్నది బ్లెయిన్. ఆ స్టేషన్‌లోనే ఉన్న యుద్ధ మంత్రి రాబర్ట్, లింకన్ కొడుకు. లింకన్ పోయి అప్పటికి పదహారేళ్లు.

తూటా ఆయన్ను వెంటనే చంపలేదు. అంతర్యుద్ధంలో ఒంట్లో తూటాలతోనే ముసలితనం దాకా బతికిన సిపాయిలు ఎందరో ఉన్నారు. ఇక్కడ జరిగిందేమిటంటే, స్టేషన్ నేల మీదే మొదలుపెట్టి, డాక్టర్లు ఒకరి తరవాత ఒకరు కడగని వేళ్లూ సలాకలూ గాయంలోకి పోనిచ్చి తూటా కోసం వెతికారు. బ్రిటన్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ చెప్పిన క్రిమిరహిత పద్ధతి యూరప్‌లో పట్టు సాధిస్తోంది. 1876లో ఆయన ఫిలడెల్ఫియా వచ్చి స్వయంగా వివరించి వెళ్లారు. అయినా అమెరికాలో పేరున్న డాక్టర్లు చాలామంది నమ్మలేదు. బాధ్యత మీదేసుకున్న డాక్టర్ బ్లిస్, తూటా కుడివైపే ఉందని నిశ్చయించేశాడు. వేళ్లు చేసిన దారిలో చీము పట్టి కిందికి కాలువ కట్టింది, దాన్నే తూటా పోయిన దారి అనుకున్నారు.

అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ లోహాన్ని పసిగట్టే పరికరం ఒకటి చేసి జూలై 26న, మళ్లీ ఆగస్టు 1న తెచ్చాడు. పరికరం పనిచేసేదే. కానీ బ్లిస్ వెతకనిచ్చింది కుడివైపే. పైగా పరుపు కింద ఉక్కు తీగల స్ప్రింగులున్నాయని ముందు బెల్‌కి తెలియదు, ఎక్కడ పెట్టినా సన్నగా మోత వినిపించింది. ఎండాకాలపు ఉక్క నుంచి ఉపశమనంగా నౌకాదళ ఇంజనీర్లు మంచు నీళ్లలో తడిపిన గుడ్డల మీదుగా ఫ్యాన్‌తో గాలి తోసి గదిని చల్లబరిచారు, ఎయిర్ కండిషనర్ అనే మాట పుట్టకముందు సంగతి అది. రోగి మాత్రం 210 పౌన్ల నుంచి 130కి పడిపోయాడు. తిండి ఇమడక, పులుసునీళ్లు మలద్వారం గుండా ఎక్కించారు.

సెప్టెంబర్ 6న సముద్రపు గాలి కోసం న్యూజెర్సీలోని ఎల్బెరాన్‌కి రైల్లో తరలించారు. స్టేషన్ నుంచి ఇంటి గుమ్మం దాకా 3,200 అడుగుల పట్టాలు జనం ఒక్క రాత్రిలో వేశారు. చివర్లో ఎత్తు ఎక్కలేక ఇంజను ఆగితే పెట్టెను చేతులతో తోశారు. పంతొమ్మిదో తేదీ రాత్రి 10.35కి ప్రాణం పోయింది. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమవైపు, చుట్టూ పొర కట్టి ఎవరికీ హాని చేయకుండా పడి ఉంది. ఒళ్లంతా చీము విషం. చివర్లో ప్లీహ ధమని పగిలింది. గిటో కోర్టులో తాను కాల్చిన మాట నిజమే గానీ చంపింది డాక్టర్లని వాదించాడు. 1882 జూన్ 30న ఉరితీశారు. కాంక్లింగ్ మనిషి అనుకున్న ఆర్థరే 1883 జనవరిలో పెండిల్టన్ చట్టం మీద సంతకం పెట్టి, కొలువులకు పరీక్షలు తెచ్చాడు.

ఇదంతా తెలిసి గ్రంథాలయంలో అడుగుపెట్టాలి. భర్త పోయాక లుక్రీషియా చేతికి ఐదుగురు పిల్లలూ, ఈ ఇల్లూ మిగిలాయి. వ్యాపారి సైరస్ ఫీల్డ్ పత్రికల్లో పిలుపిస్తే జనం చందాలతో మూడున్నర లక్షల డాలర్లకు పైగా పోగయింది. ఆమె 1885, 86లలో ఇంటి వెనక భాగాన్ని పెంచి, ఓక్ చెక్కతో ఈ గది కట్టించారు. ఆయన పుస్తకాలు గోడల నిండా ఉన్నాయి. పక్కనే మంటలు అంటని రాతి గది, దానికి బరువైన ఇనుప తలుపు. ఆయన ఉత్తరాలు, డైరీలు, ప్రతి కాగితం అందులో పెట్టారు. అధ్యక్షుడి కాగితాలు దాచడానికంటూ కట్టిన మొదటి గ్రంథాలయం ఇదే అని పేరు. ప్రభుత్వం ఆ పద్ధతి మొదలుపెట్టింది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో, అర్ధశతాబ్దం తరవాత. కాగితాలు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఆ రాతి గదిలో ఇప్పటికీ ఉన్న వస్తువు, విక్టోరియా రాణి పంపిన పూలచక్రం. వాషింగ్టన్‌లో శవపేటిక మీద పెట్టినది. లుక్రీషియా దాన్ని మైనం పూయించి నిలవ చేయించారు. తెల్లపూలు రంగు మారి, రేకుల అంచులు మైనంలో బిగుసుకుపోయి ఉంటాయి. టూర్‌లో ఇక్కడ ఆగేది కొద్దిసేపే, బృందంలో వెనకబడితే ముందువాళ్ల భుజాలే కనిపిస్తాయి. గ్రంథాలయం వస్తోందనగానే ముందుకు జరగండి. 1888లో ఈ ఇంట్లోనే పెద్దకొడుకు హ్యారీ పెళ్లీ, కూతురు మాలీ పెళ్లీ ఒకే రోజు చేశారు. అల్లుడు జోసెఫ్ స్టాన్లీ బ్రౌన్, గార్‌ఫీల్డ్‌కు కార్యదర్శిగా పనిచేసిన కుర్రాడే. తండ్రి లేని ఇల్లు దుఃఖంలోనే ఉండిపోలేదని చెప్పే ఈ వివరం రేంజర్ చెప్పకపోతే మీరే అడగండి.

ఇక్కడ దొరకనివీ తెలుసుకోండి, లేకపోతే నిరాశపడతారు. తూటా తగిలిన వెన్నుపూస మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో, నేషనల్ మ్యూజియం ఆఫ్ హెల్త్ అండ్ మెడిసిన్‌లో ఉంది. ప్రమాణస్వీకారం రాత్రి లుక్రీషియా కట్టుకున్న గౌను స్మిత్‌సోనియన్‌ది. తుపాకీ ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోయింది. స్టేషన్‌ను 1908లో పడగొట్టారు, ఆ చోట ఇప్పుడు నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ పశ్చిమ భవనం ఉంది. దగ్గర్లో నేషనల్ మాల్ అనే మైదానంలో 2018లో సమాచార ఫలకాలు పెట్టారు. వర్జీనియా, మేరీల్యాండ్‌లో ఉండే మనవాళ్లు ఆ ఫలకాలూ, కాపిటల్ ముందున్న గార్‌ఫీల్డ్ విగ్రహమూ, సిల్వర్ స్ప్రింగ్ మ్యూజియమూ ఒక పూటలో చూసుకోవచ్చు. వెన్నుపూస చూశాక పిల్లలు రాత్రి నిద్రపోతారా అన్నది మీరు ఆలోచించుకోండి.

ఇక సమాధి. లేక్‌వ్యూ 285 ఎకరాల శ్మశానవాటిక, ప్రధాన ద్వారం యూక్లిడ్ అవెన్యూలో. గుట్ట మీద 180 అడుగుల గుండ్రటి రాతి గోపురం గార్‌ఫీల్డ్‌ది. 1890 మే 30న ప్రారంభించారు. ఏప్రిల్ 1 నుంచి ఆయన పుట్టినరోజు నవంబర్ 19 దాకా తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. కారు గోపురం దగ్గరిదాకా వెళ్తుంది. అక్కడి నుంచి మెట్లు తప్పవు: ముందు బయట, తరవాత లోపల కిందికి, పైకి.

లోపలికి పరిగెత్తకుండా బయట ముఖమండపం చుట్టూ ఉన్న ఐదు టెర్రకోటా ఫలకాలు చూడండి. నూటికి పైగా మనిషంత బొమ్మలున్నాయి. పంతులుగా, సైనికుడిగా, సభలో వక్తగా, తరవాత అధ్యక్ష ప్రమాణం చేస్తూ, చివరికి కాపిటల్ గుమ్మటం కింద శవంగా. ప్రమాణానిదీ మరణానిదీ పక్కపక్కనే వస్తాయి. శిల్పులు మధ్యలో స్టేషన్ చూపించలేదు, గిటోకు ఇక్కడ చోటివ్వలేదు. సరైన పనే.

లోపల అలెగ్జాండర్ డాయిల్ చెక్కిన పాలరాతి విగ్రహం, చుట్టూ రంగుటద్దాల కిటికీలు, పైన మొజాయిక్. కింది గదిలో రెండు శవపేటికలు, ఆయనదీ లుక్రీషియాదీ, ఇనుప కటకటాల అవతల ఎదురుగా కనిపిస్తాయి. ఆయన పేటిక మీద జెండా కప్పి ఉంటుంది. అమెరికా అధ్యక్షుల్లో పేటిక ఇలా కళ్లెదుట ఉన్నది ఈయన ఒక్కరిదే అంటారు. కూతురు, అల్లుడి చితాభస్మం పాత్రలు కూడా అక్కడే. చిన్నపిల్లలకు కిందికి దిగేముందే చెప్పండి. పై బాల్కనీ ఎక్కితే నగరమూ, ఈరీ సరస్సూ కనిపిస్తాయి. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వదిలేయొచ్చు, ఫలకాలూ విగ్రహమూ చూస్తే అసలుది అందినట్టే.

క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు వచ్చేవాళ్లకు ఒక మాట. ఆ ఉత్సవం ఈస్టర్ సమయంలో వస్తుంది. మార్చి ఆఖర్లో పడిన ఏడాది గోపురం లోపలికి వెళ్లలేరు, బయట ఫలకాలు మాత్రం చూడొచ్చు. ఏప్రిల్ అయితే ఇబ్బంది లేదు. క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ దగ్గర బసచేస్తే యూక్లిడ్ అవెన్యూ మీద నడిచే హెల్త్‌లైన్ బస్సు లేక్‌వ్యూ వైపు వెళ్తుంది, దిగాక గుట్ట మీదికి నడక ఉంటుంది. మెంటర్‌కు మాత్రం కారు ఉండాల్సిందే. సరస్సు పక్కన ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది, శాలువాలతో సరిపెట్టుకోకుండా కోట్లు తెచ్చుకోండి. భోజనానికి మెంటర్ ఆవరణలో ఏమీ దొరకదు. లేక్‌వ్యూ పక్కనే లిటిల్ ఇటలీ ఉంది, శాకాహారులకు పాస్తా, పిజ్జాలతో గడిచిపోతుంది. నాలుగు గంటల గడువు గుర్తుంచుకుని, ముందు సమాధి చూసి తరవాతే తినడానికి కూర్చోండి.